ఏడేళ్ళ జడ

ఉదయగిరిలో ఎస్తేరమ్మకి పొద్దున్నే రెండు పనులు. కొయ్య స్పూన్లని గరుకు కాగితంతో రుద్ది నునుపు చెయ్యడం, మనవరాలు కరుణశ్రీకి తల దువ్వడం. మొదటిది కూటి కోసం. రెండోదానికి గంట పట్టేది. పదేళ్ళ పిల్లకి జడ మోకాళ్ళు దాటింది మరి. ఆడదానికి వెంట్రుకలే మహిమ అని బైబిలు వాక్యంలో ఉండాదని ఎస్తేరమ్మ దానికి ఏనాడూ కత్తెర తగలనీలేదు.

ఆ ఇంటి ఆడవాళ్ళ జడల సంగతి ఊరందరికీ తెలిసిందే. గడిచిన రోజులన్నీ వెంట్రుకల్లోనే ఉంటాయి. దువ్వెన నెత్తిన పెడితే నిన్నటి మాటలు వినబడతాయి, కిందికి దిగేకొద్దీ పాత సంవత్సరాలు. కొస ఇంకో జానెడు ఉందనగా మూడేళ్ళ పిల్ల ఏడుపు మొదలయ్యేది: "అమ్మ యాడికి పోయినాది అవ్వా?" పక్కింటి జైతూన్‌బీ పొయ్యి ఊదుకుంటూనే, "అప్పుడే కొస దాకా వచ్చినట్టుండావే ఎస్తేరమ్మా!" అని పలకరించేది. అంతే, అందులో వింతేముంది?

ఆ అమ్మ లిదియమ్మ, ఎస్తేరమ్మ కూతురే. వరికుంటపాడులో కాపురం. మొగుడు చచ్చిపోతే పిల్లని తల్లికి అప్పజెప్పి, అక్కడ యుద్ధం ముగిసిన ఏడాదే కువైట్‌కి పనికి పోయింది. రెండేళ్ళని చెప్పి ఏడేళ్ళు చేసింది. ఆ ఏడేళ్ళూ నెల్లూరు బస్సు వచ్చే సాయంత్రం వేళకి పిల్ల అవ్వ చెయ్యి పట్టుకుని బస్టాండులో నిలబడేది. బస్సు ఖాళీ అయ్యేది, ఇద్దరూ ఇంటికొచ్చేవాళ్ళు. ఒక్క రోజు తప్పిందా, లేదు.

తొంభై ఎనిమిదిలో లిదియమ్మ తిరిగొచ్చి ఆత్మకూరు బస్సు డిపో దగ్గర గది తీసుకుని బ్యూటీ పార్లర్ పెట్టింది. కువైట్‌లో పార్లర్ ఊడ్చి ఊడ్చి, అక్కడే బలియాజ్ నేర్చుకునింది. జుట్టంతా ముంచెయ్యకుండా, ఇక్కడొక పాయ, అక్కడొక పాయ ఏరి, బ్రష్షుతో తేనె రంగు పులమడం అన్నమాట. ఆత్మకూరు ఆడవాళ్ళు నవ్విపోయినారు. "తెల్లెంట్రుకని నల్లగా చేస్తావని వస్తే, నల్లదాన్ని పాడు చేస్తానంటావేంది మే?" అన్నారు. సరేలెమ్మని నల్లరంగే పూసుకుంటూ బతుకు ఈడ్చింది.

దాని బాధ గిరాకీ కాదు. కన్నకూతురు అమ్మా అనదు. అమ్మ తిరిగొచ్చినా అలవాటు మానక రోజూ బస్టాండుకి పోతుంది. తీరా ఆదివారం ఆ బస్సులోనే లిదియమ్మ దిగి "రా బంగారూ" అంటే, అవ్వ కొంగు చాటుకి తప్పుకుంటుంది. ఒక ఆదివారం లిదియమ్మ తానే దువ్వెన అందుకునింది. బస్టాండు సాయంత్రాలన్నీ ఒకదాని వెనక ఒకటి వినబడినాయి. నడి జడలో ఒకచోట పిల్ల గొంతు: "అమ్మ రాకపోయినా ఏం కాదులే అవ్వా." లిదియమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

రంగు పడితే ఆ వెంట్రుక నోరు మూసుకుంటుంది, ఆ రోజు మనసులోంచి పోతుంది. ఇది లిదియమ్మకి అనుభవమే. కువైట్‌లో మొదటి ఇంట్లో పడిన పాట్లని తన జడలో తానే పూసేసుకునింది. ఆ ఇల్లు ఎట్టుంటుందో ఇప్పుడు దానికే తెలీదు.

వేసవి సెలవుల్లో పిల్లని ఆత్మకూరు తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. దువ్వెనతో వింటూ, బస్టాండు వినబడిన పాయలనే ఏరి ఏరి పూసింది. ఎంత నేర్పో! ఒక్కటి తప్పలేదు. ఆ సాయంత్రాల్లో పిల్ల పట్టుకున్న చెయ్యి ఎవరిదో మాత్రం ఆ మహాతల్లికి తట్టలేదు. సాయంత్రం పోతే ఆ రోజంతా పోయింది, పొద్దున అన్నం కలిపి పెట్టిన చెయ్యితో సహా. చివరికి మిగిలింది కొసన జానెడు, వరికుంటపాడులో అమ్మ ఒళ్ళో ఉన్న రోజులు.

ఆ రంగుకి మూడు రోజులు తల తడపకూడదు. తర్వాత చన్నీళ్ళే పొయ్యాలి. తలకి గుడ్డ కట్టకుండా ఎండలోకి పోకూడదు. వేడినీళ్ళు, కుంకుడు రసం తగిలినాయా, దిగిపోతుంది.

నాలుగో రోజు శనివారం. శనివారం తలంటు పోసేది అవ్వే గదా, ఎస్తేరమ్మ సంచిలో కుంకుడుకాయలు వేసుకుని ఆత్మకూరు వచ్చేసింది. "బంగారూ!" అనింది గుమ్మంలోంచే.

పిల్ల తలెత్తి చూసి, "అమ్మా, ఎవురో వచ్చినారు" అని లోపలికి కేకేసింది.

ఆ తేనె రంగు చూడగానే ఎస్తేరమ్మకి అర్థమైపోయింది. "ఎంత పని చేసినావే పాపిష్టిదానా! నా ఏడేళ్ళు తుడిచేసినావు గదే!"

లిదియమ్మ తల్లి కాళ్ళు పట్టుకునింది. "నిన్ను పూయాలని గాదు మా. ఆ బస్టాండు ఒక్కటే పోతాదనుకున్నాను. రంగు దింపుతావా, దింపు. నేను అడ్డం రాను."

లిదియమ్మ ఏడవడం చూసి కరుణశ్రీ పరిగెత్తుకొచ్చి ఆమె మెడ చుట్టూ చేతులేసింది. "ఏడవబాక అమ్మా, నేనుండాను గదా" అనింది.

ఎస్తేరమ్మ గది వెనక పెరట్లో నీళ్ళు కాచింది. కుంకుడుకాయలు కొట్టి నానేసింది. పిల్లని పీట మీద కూర్చోబెట్టి, చెంబు ముంచి, అట్టే ఆగిపోయింది. ఈ నీళ్ళు పోస్తే తాను తిరిగొస్తుంది, నిజమే. తనతోపాటు ఆ ఖాళీ బస్సులూ వస్తాయి, ఏడేళ్ళవీ. చెంబులో వేన్నీళ్ళని స్నానాల జాలాట్లో కుమ్మరించింది. తొట్టిలో చన్నీళ్ళు ముంచి పోసింది.

"నువ్వెవురు?" అని అడిగింది పిల్ల, కళ్ళు మూసుకునే.

"నీళ్ళు పోసేదాన్నిలే. కళ్ళు తెరవబాక."

తల ఆరినాక పిల్ల పోయి లిదియమ్మ ఒళ్ళో కూర్చునింది. "అమ్మా, ఆయమ్మ చేతులు గరుగ్గా ఉండాయి. వచ్చే వారం నువ్వే పొయ్యి" అనింది.

మర్నాడు పొద్దున ఉదయగిరిలో జైతూన్‌బీ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏంది ఎస్తేరమ్మా, పిల్లని తీసుకురాలేదా? ఈ పొద్దు కూడా జడ వినబడలేదే?"

"స్పూన్లు శానా ఉండాయి" అనింది ఎస్తేరమ్మ, తలెత్తకుండా రుద్దుతానే.