టేకు చెక్క మీద బొట్టు

దసరా పొద్దున ఇల్లంతా పూజ హడావుడిలో ఉంటే, శ్రీవాణి వెనక వరండాలో కూర్చుని టేకు చెక్కకు అవిసె నూనె పట్టిస్తోంది. అది ఆమె తన కంప్యూటర్ కీబోర్డును అమర్చుకునే పెట్టె. దర్వాజ చేయించగా మిగిలిన చెక్కను తనే కోసి, తొలిచి, సాండ్ పేపరుతో నున్నగా రుద్దుకుంది. ఇంట్లో కూర్చుని డాక్టర్ల మాటలు విని టైపు చేసే ఉద్యోగం ఆమెది. మణికట్లు పట్టేసి గరిటె తిప్పలేని రోజులొచ్చాయి. అందుకే తన అరచేతులు ఆనే చోట చెక్కను వాలుగా దించింది.

"చేతులు నొస్తే పని బందు చెయ్, నిన్నెవరు చెయ్యమన్నరు?" అన్నాడు మొదట్లో భర్త ఆకాష్. "షావుకారింటి కోడలు వడ్రంగి పని చేస్తదా, నలుగురు ఏమనుకుంటరు?" అంది అత్త దుర్గాదేవి. అదే చేతులతో ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేసినప్పుడు మాత్రం ఆ నలుగురూ ఏమీ అనుకోలేదు పాపం!

నిన్న ఆకాష్ ఆ పెట్టెను తిప్పి తిప్పి చూసి, ఫోటో తీసి, జిన్నారం కంపెనీలో తన పైఅధికారి హరినాథ్‌కు పంపాడు. "సార్‌కు మస్తు నచ్చింది. పండుగ కాంగనే ఇస్త అన్న. నేనే చేసిన అని చెప్పిన, నువ్వు నోరు జారకు. ప్రమోషన్ ఆయన చేతులనే ఉన్నది."

"మరి నాకు?"

"నీకేంది, ఇంకోటి చేస్కో. ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గద."

ఖాళీ! రాత్రంతా ఆ మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. ఇంకోటి చేస్తే అదీ ఎవరో సార్‌కు నచ్చుతుంది. అడగనైనా అడగలేదే అని ఒళ్లు మండింది. అంత మండినా తెల్లారగానే నూనె గుడ్డ పట్టుకుని కూర్చుంది చూడు, తన మీద తనకే కోపం వచ్చింది.

"వాణీ, జల్దీ రా! ఎవరి సామాన్లకు వాళ్లు బొట్టు పెట్టుండ్రి," అని అత్త కేకేసింది.

మామ రాజేశం ధాన్యం దుకాణం తరాజుకు పెట్టాడు. ఆకాష్ బండికి, లాప్‌టాప్‌కు పెట్టాడు. తర్వాత వరండాలోకి వచ్చి, చెక్క పెట్టెను అంచులు పట్టి తీసుకెళ్లి తన లాప్‌టాప్ పక్కన పెట్టాడు.

"అమ్మా, దీని జోలికి పోకు. నూనె తడి మీద కుంకుమ పడితే చెక్క లోపటికి దిగుతది, ఇగ పోదు. సార్‌కు ఇచ్చేది," అన్నాడు. కుంకుమ అలా దిగుతుందని అతనికి చెప్పింది శ్రీవాణే.

"నువ్వు పొయ్యికి, మిక్సీకి పెట్టు బిడ్డా," అని మామ ఆమెకు కుంకుమ పళ్లెం అందించాడు.

కాళ్లు అలవాటుగా వంటింటి వైపే నడిచాయి. గడప దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు లోపలికి వెళ్తే ఆ పెట్టె ఇక తనది కాదు. గిరుక్కున వెనక్కి తిరిగి వచ్చి, చెక్క ముందు కూలబడి, కుంకుమలో వేళ్లు ముంచింది.

"ఏయ్, ఆగు! ఏం చేస్తున్నవ్?" ఆకాష్ ఒక్క అంగలో వచ్చాడు.

అప్పటికే అరచేయి ఆనే చోట ఆమె వేళ్లు గట్టిగా అద్దేశాయి. తడి చెక్క ఎరుపును పీల్చేసుకుంది.

"పిచ్చి లేసిందా? ఇగ సార్‌కు ఎట్లియ్యాలె?"

శ్రీవాణి లేచి నిలబడింది. కుంకుమ పళ్లెం అతని చేతిలో పెట్టింది.

"నా సామానుకు నేను పెట్టుకున్న. పొయ్యి మిగిలింది, మీరు పెట్టుండ్రి."