తెడ్డు కాదు, పేడిల్

మేనమామ కొడుకని సుదర్శనం బావను చేసుకున్నాను గానీ, ఆయన కుడి భుజాన్ని కూడా చేసుకుంటున్నానని అప్పుడెవరూ చెప్పలేదు. పొద్దున ఆ భుజానికి నూనె రాయాలి, సాయంత్రం కాపడం పెట్టాలి. తిరుత్తణి స్టేషన్ దాకా టిఫిన్ క్యారియర్ నేనే మోసుకెళ్లి, మనిషిని ఆఫీసుకి తిరువళ్లూరు రైలెక్కించాలి. ఇదంతా ఆయన కయాక్‌కి, అదే మా ఇద్దరు పట్టే సన్నపడవకి, కొత్త తెడ్డు కొన్నప్పటి నుంచి. తెడ్డు అంటే ఒప్పుకోడు. "తెడ్డు సంగటి కెలికేది మే. ఇది పేడిల్" అంటాడు.

మా కయాక్‌లో ముందు నేను, వెనక ఆయన కూర్చుంటాం. అది పళవేర్కాడులో, పులికాట్ సరస్సు ఒడ్డున, పడవలు చూసుకునే దినకర్ షెడ్డులో ఉంటుంది. ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆ ఉప్పునీటి మీద తిరుగుతాం. వారం మొత్తంలో నేను పొయ్యి వెలిగించనిది ఆ పూటే. అందుకే పోయిన ఆదివారం నీళ్ల మధ్య బావ మూలిగి, "ఇంక నా వల్ల కాదు. అమ్మేస్తా" అన్నప్పుడు ఉన్న అలసట కాస్తా రెట్టింపైంది.

"పేడిల్నా?"

"కయాక్‌నే. వయసైపోయె. ఒడ్డుకు పోతానే దినకర్‌తో చెప్తా, కొనేవాళ్లని చూడమని."

"పాత తెడ్డు పట్టుకున్నప్పుడు ఈ వయసు యాడికి పోయినాది?"

"సుమ్మా ఉండు మే, మాట్లాడకుండా."

పిడికిలి వదులుగా పెట్టమన్నాను. చేతులతో లాగొద్దు, నడుము తిప్పమన్నాను. పేడిల్ వేయడం నేర్పే వీడియోలో అమ్మాయి చెప్పిందే చెప్పాను.

"వదిలితే చేతిలో గిర్రున తిరగతా ఉండాది. ఎట్ట వదిలేది?"

వెనక్కి తిరిగి చూశాను. పేడిల్ రెండు కొసల రెక్కల గుంట వైపూ నాకేసి ఉంది. దాని మీద కంపెనీ పేరు నిటారుగా, చక్కగా నాకు చదవడానికి వీలుగా ఉంది. ఆయన నీళ్లు లాగుతున్నది దాని వీపుతో. గరిటె వీపుతో సాంబారు తోడుకుంటున్నట్టు.

"పేరు నా వైపుంది బావా."

"ఉండాల గదా! అంత మంచి పేడిల్ కొనింది నేను చదువుకునేదానికా? ఎదురొచ్చేవాళ్లకి కనపడాల."

తిరగేసి పట్టుకున్నావంటే తిరుత్తణి దాకా వాదిస్తాడు. అంత ఓపిక నాకు లేదు.

"ఏదీ, ఒకసారి ఇట్టియ్యి" అని తీసుకున్నాను. కాసేపు వేసి, కుడి కొస ఎడమకు మార్చి, పేరు ఆయన వైపుండేలా చేతికిచ్చాను. అలసిన మనిషి చూసుకోలేదు. వేశాడు.

కయాక్ జారినట్టు ముందుకు పోయింది. వెనక మూలుగు లేదు.

"మే."

"ఊఁ."

"దీన్ని ఏం చేసినావు?"

"తిప్పిచ్చినా."

మళ్లీ కొసలు మార్చి ఒక్కసారి లాగాడు. "అబ్బా!" అన్నాడు. గుట్టుగా తిరిగి మార్చుకున్నాడు. నేను కొంగల్ని చూస్తూ కూర్చున్నాను.

ఒడ్డున దినకర్ తాడు అందుకుంటూ, "ఏమన్నా, చెయ్యెట్టుంది?" అన్నాడు.

బావ నావైపు చూశాడు. నేను చెప్పుల కోసం వెతుక్కుంటున్నాను.

"చెయ్యి బాగుండాది. పేడిలూ బాగుండాది" అని గొణిగాడు. "నేనే ఇన్నాళ్లూ తిరగేసి పట్టుకున్నా."

"ఏమంటివి బావా? గాలికి వినపళ్లే."

"తప్పు నాదే అంటాండా!"

పక్క పడవలో రొయ్యలు ఏరుతున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు.