పొగమంచు తీసేసిన ఆట

సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద, ఒకే కిటికీ ఉన్న గదిలో అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ గేమ్ స్టూడియో పెట్టారు. బొమ్మలు గీయడం అన్న పని, కోడ్ రాయడం చెల్లెలి పని. చిన్నప్పుడు పుస్తకం అంచుల్లో అన్న గీసిన పిట్టను చకచకా పేజీలు తిప్పి ఎగిరించిన పిల్ల ఆమె. అన్న గీస్తుంటే తను కదిలించాలి, అంతకు మించి ఆమెకు కోరికల్లేవు. శబ్దాలు చేసేవాడొకడు తరవాత వచ్చి చేరాడు. రోజుకు పది మాటలు మించి మాట్లాడడు కనక అతనికి ‘చప్పుడు’ అని పేరు పెట్టారు.

వాళ్ళ మొదటి ఆటలో ఒక ముసలి పోస్ట్‌మాన్ పొగమంచులో ఉత్తరాలు పంచుతాడు. దారి కనపడదు. కుక్క అరుపో, గేటు కిర్రుమనడమో విని ఇల్లు పోల్చుకోవాలి. ఆ మంచు గీయడానికే అన్నకు ఏడాది పట్టింది. ఎవరు కొంటారులే అనుకున్నారు. తీరా చూస్తే ఆ నోటా ఈ నోటా పాకి మూడు నెలల్లో లక్షమంది ఆడారు. కింద కొట్టతను కూడా పంక్చర్లు పక్కన పడేసి ఆడేవాడు. ముగ్గురు తొమ్మిదిమందయ్యారు, ఒక గది నాలుగు గదులయింది.

వాళ్ళకొక అలవాటుండేది. టీ వేళకు ఆటగాళ్ళు రాసిన ఉత్తరాలు చెల్లెలు పైకి చదివేది. అడిగిన మార్పు శుక్రవారంలోగా జరిగి తీరాలి. ఇది వాళ్ళమ్మ పెట్టిన బుద్ధి. ఆవిడ బట్టలు కుట్టి ఇద్దరినీ కాలేజీ దాకా చదివించింది. “కొలత మనది కాదే, తొడుక్కునేవాళ్ళది. బిగుతుగా ఉందంటే వదులు చెయ్యి, ఎదురు చెప్పకు” అనేది. మొదటి ఆటకు ఆ పద్ధతి బాగానే నడిచింది. అప్పటికి ఆట పూర్తయి బయటికెళ్ళింది, ఉత్తరాల్లో ఉన్నవి చిన్నా చితకా లోపాలే.

రెండో ఆటలో ఒక అమ్మాయి మంచు కమ్మిన సరస్సు మీద, పడవలో, కప్పల అరుపులే గుర్తుగా తమ్ముణ్ణి వెతుక్కుంటూ తిరుగుతుంది. దాన్ని సగంలో ఉండగానే రెండు వేలమందికి ఆడి చూడమని ఇచ్చారు. ఉత్తరాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. దారి తెలియడం లేదన్నారు, పటం పెట్టారు. పటం చాలదన్నారు, పడవకు దీపం తగిలించారు. మంచు పలచన చేయమన్నారు, చేశారు. దారి చూపే బాణం కావాలన్నారు. ఆ బాణం కనపడాలంటే మంచు ఇంకా తగ్గాలి.

“ఇంకా తగ్గిస్తే అది మంచు కాదే, టీ కప్పు మీద ఆవిరి” అన్నాడు అన్న.

“నాలుగొందలమంది అడిగారన్నయ్యా. కాదంటే ఏం బాగుంటుంది?”

“పదిమందిలో పాము చావదంటారు. నువ్వు నాలుగొందలమందిని పోగేశావు.”

చప్పుడు ఆ రోజుకు మొదటిసారి నోరు తెరిచాడు. “పాము సంగతేమో గానీ నా కప్పలు చచ్చాయి. బాణముంటే వాటి అరుపు ఎవడు వింటాడు?”

అందరూ నవ్వారు. చెల్లెలూ నవ్వింది. నవ్వుతూనే అన్న వైపు చూసింది. “సరేలే, తగ్గిస్తాను” అన్నాడతను. శుక్రవారానికి ఆమె బాణం పెట్టేసింది.

ఆట బయటికొచ్చింది. బాణం వెంట పోతే ఇరవై నిమిషాల్లో తమ్ముడు దొరుకుతున్నాడు. “ఇంతోటి దానికి పడవెందుకు?” అని రాశారు జనం. అలా రాసినవాళ్ళలో బాణం అడిగినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఆమెకు కంఠతా వచ్చు. ఆట అమ్ముడుపోక, ఆరు నెలలు తిరక్కుండానే స్టూడియోలోవాళ్ళు ఒక్కొక్కరే వేరే కొలువులు చూసుకున్నారు. చప్పుడు “ఉంటానమ్మా” అని చెప్పి వెళ్ళిపోయాడు.

గదులు ఖాళీ చేసే రోజు పొద్దున అన్న తన రంగుల పెట్టె సర్దుకుంటున్నాడు. బడి పుస్తకాలకు బొమ్మలు వేసే ఉద్యోగం దొరికింది.

“అన్నయ్యా, ఒక మాట అడగనా?”

“వద్దు.”

“ఇంకా అడగందే!”

“మళ్ళీ ఇద్దరమే మొదలుపెడదామంటావు. నువ్వడిగితే నేను సరేనంటాను. మంచు తియ్యమన్నప్పుడు అనలేదూ? నేనూ ఆ అమ్మ కొడుకునేగా, నాకూ కాదనడం రాదు. అందుకే అడక్కు చిట్టీ.”

“నా మీద కోపమా?”

“కోపమైతే పోట్లాడేవాణ్ణి. ఇప్పుడు కాగితం ముందు కూచుంటే, ఏం గీద్దామని కాదు, ముందు ఎవరేమంటారో అని తోస్తోంది. కొన్నాళ్ళు చెప్పినది చెప్పినట్టు గీసి బతకనీ.”

అతను పెట్టె రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఒక్క మాటంటే చాలు, కింద దించేస్తాడని ఆమెకు తెలుసు. ముందుకు నడిచి తలుపు తెరిచి పట్టుకుంది.

“మెట్లు చూసుకుని దిగు” అంది.