నాలుగు రోజుల లంకణం

పెట్టినాకనే అమ్మా, అని తనెందుకన్నట్టు? ఎవరో వెనకనుంచి తోసినట్టు ఆ మాట నోట్లోంచి జారిపోయింది. డాక్టరమ్మ అడిగింది ఒక్కటే. "తిండి పెట్టినాకనే మాత్ర ఇస్తాండావు కదా, గోవిందప్పా?" లేదమ్మా, ఉత్త కడుపునే ఇచ్చినా, అనడానికి ఎంతసేపు పడుతుంది? అబద్ధానికి పట్టినంతసేపే.

పశువుల ఆస్పత్రి వరండాలో, గోనెసంచి మీద పడుకున్న కుక్క పక్కన గొంతుక్కూర్చుని గోవిందప్ప అదే ప్రశ్నను తిప్పి తిప్పి వేసుకుంటున్నాడు. ఎదురుగా ఎండ తెల్లగా కాస్తోంది. వానలేని మూడో ఏడు. కుక్క పేరు గంగి. ఐదేళ్లుగా అతని గొర్రెల మందకు కాపలా. మూడు వారాల కిందట ఒకరోజు ముందుకాలు కుంటింది. మర్నాడు ఆ కాలు బాగై వెనకకాలు ఎత్తింది. నొప్పి ఎక్కడైనా ఇట్లా కాలు మార్చుకుంటుందా? దొంగవేషాలని తనే రెండు దెబ్బలు వేశాడు. తర్వాత కీళ్లు వాచాయి. జ్వరం వచ్చింది.

విడపనకల్లు అవతలి పల్లె నుంచి ఐదు రోజుల కిందట ఆటోలో ఇక్కడికి తెస్తే, డాక్టరమ్మ జయంతి దాని మోకీలులోంచి సూదితో నీరు తీసి చూసింది. "రోగాలతో కొట్లాడాల్సిన బలమే దారితప్పి దీని కీళ్ల మీద పడిండాది. దాన్ని అణచనీకే ఈ మాత్ర. కడుపులో మంట పెడ్తాది, తిండి పెట్టకుండా ఇయ్యొద్దు" అని చెప్పింది.

విన్నాడు. తల ఊపాడు. ఇంటికి పోయి కుక్కకు లంకణం పెట్టాడు.

జ్వరం ఉన్న ఒంటికి అన్నం విషమన్నది అతను ఒకరి దగ్గర నేర్చుకున్న సంగతి కాదు. చిన్నప్పుడు ఒళ్లు కాలితే అమ్మ అన్నం ఆపేసేది. ఆపి, తనూ తినకుండా పక్కన కూర్చునేది. అంతకు మించిన ప్రేమ అతనికి తెలియదు. గంగికి నీళ్లు తప్ప ఏమీ పెట్టని నాలుగు రోజులూ తనూ మధ్యాహ్నం సంగటి ముట్టలేదు. డాక్టరమ్మ మాటా, అమ్మ మాటా రెండూ నిలబెడుతున్నాననుకున్నాడు. మాత్రా ఇచ్చాడు, తిండీ ఆపాడు. ఆ మందు పడినప్పటినుంచి గంగికి ఆకలి రెట్టింపైంది. ఖాళీ సత్తుగిన్నెను నాకి నాకి అతని మొహంలోకి చూసేది. అతను మనసు గట్టి చేసుకుని గిన్నె తీసి అటకమీద పెట్టాడు.

నిన్నటినుంచి తారులాంటి నల్లటి విరేచనం. ఈ పొద్దున లేవలేదు.

ఇందాక అతని జవాబు విని డాక్టరమ్మ గంగి పెదవి ఎత్తి పాలిపోయిన చిగుళ్లు చూసింది. "తిన్నాక ఇచ్చినా కడుపులో నెత్తురు పడ్తాండాదంటే ఈ మందు దీనికి పడలేదు. ఆపితే కీళ్లు మళ్లీ పట్టుకుంటాయి. వేరే మందు నా దగ్గర లేదు. సూదేసి నొప్పి తెలీకుండా పంపిద్దామా? ఆ బర్రెను చూసి వస్తా, అంతలోపల ఆలోచించుకో" అని వెనక దొడ్డిలోకి పోయింది.

"ఏం బావా, చెవిలో మంత్రం చెప్తాండావా?" బావమరిది బసప్ప తన ఆటో దగ్గరనుంచి బీడీ పారేసి వచ్చాడు. "ఊరందరి గొర్రెలకూ వైద్యం జేస్తివి. నీ కుక్కను మాత్రం ఈ యమ్మ చేతిలో పెడ్తివి."

"ఊరికే ఉండప్పా."

"ఉంటాలే. ఒకందుకు మంచిదే. ఆ యమ్మ చేతిలో పోతే నీ పేరుకేం నష్టం?"

నవ్వులాటకే అన్నాడు. కానీ ఆ మాట గోవిందప్ప లోపల ఎక్కడో ముందే ఉన్నదాన్ని పోయి తాకింది. గంగి ఇప్పుడు పోతే రోగంతో పోయిందంటారు. బతకాలంటే, జీవాల సంగతి తెలిసినవాడని పేరున్న గోవిందప్ప తన కుక్కను తనే మాడ్చాడని బయటపడాలి. ఊరంతా తెలుస్తుంది. బసప్ప నోట పడ్డది ఆగదు. అమ్మ కూడా తప్పే చేసిందని ఒప్పుకున్నట్టవుతుంది. అంటే తనలో ఇంకొకడు ఇందాకటినుంచి ఆ సూది కోసమే ఎదురు చూస్తున్నాడా? లేచి ఆ లోపలివాడికి దూరంగా పోవాలనిపించింది. ఎటు పోయినా వాడూ వస్తాడు.

డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. ట్రేలో సూది, దూది. గంగి ముందుకాలు మీద వెంట్రుకలు గీసి, తడి దూదితో తుడిచింది. "ఏమంటావు, గోవిందప్పా?"

"కానీండమ్మా, మూగజీవిని ఇంకెందుకు కష్టపెట్టేది" అన్నాడు బసప్ప.

గోవిందప్ప నోరు పెగల్లేదు. పెగలకపోవడమే జవాబవుతుందని అతనికి తెలుసు. డాక్టరమ్మ కూడా అట్లాగే అనుకుని సూది అందుకుంది.

తనవైపు వస్తున్న చేతిని చూసి గంగి తోక కదిలించింది. తల ఎత్తలేక, ముట్టెను మాత్రం ఆ చేతివైపు జరిపి వాసన చూసింది. నాలుక బయటికి చాపింది. ఆ చేతిలో తిండి ఉందనుకుంటోంది.

గోవిందప్ప అరచేయి గంగి కాలు మీద, వెంట్రుకలు గీసిన చోటును పూర్తిగా కప్పేసింది.

"ఉండమ్మా" అన్నాడు. "నేను అబద్ధం చెప్పినా. జరమని దానికి లంకణం పెట్టినా. నాలుగు దినాలూ ఉత్త కడుపునే మాత్ర మింగించినా."