తెర ముందు కుర్చీ

“స్క్రీన్ ఎనుక చీకట్ల కూసునేదానికి పట్టుచీరెందుకు, మధూ?” అన్నాడు విద్యాధర్, వైర్ల పెట్టె కారులో పెడుతూ. ఆ మాటలో వెక్కిరింపు లేదు. అందుకే మధులికకు మరింత గుచ్చుకుంది. కరీంనగర్ చుట్టుపక్కల వేడుకలకు ఎల్‌ఈడీ తెర కట్టేది భర్త. ఆ తెరమీద బొమ్మలు అల్లేదీ, అవి కదులుతున్నంతసేపూ వెనక కంప్యూటర్‌కు కాపలా కూర్చునేదీ తాను. బోర్డుమీద మాత్రం ‘విద్యాధర్ విజువల్స్’. ఇన్నేళ్లలో ఒక్క ప్రదర్శననూ ఆమె ముందునుంచి చూడలేదు. ఇవాళ కూతురు ప్రజ్ఞ అరంగేట్రం. ఇవాళైనా చూడాలని, ఎవరికీ చెప్పకుండా, ఆ చీర కట్టుకుంది.

హాలులో సరిచూస్తుంటే బొమ్మ చీలింది. ప్రజ్ఞ చేయి చాపితే కెమెరా ఆ కదలికను పట్టి, తెరమీద గోదావరి అలను లేపాలి. అల లేచింది, నడిమికి తెగి, పైసగం ఒకదిక్కు, కిందిసగం మరోదిక్కు జరిగింది.

“సింక్ బంద్ చేసిన్రా?” అంది మధులిక. లాప్‌టాప్ పంపే బొమ్మలనూ తెర వేగాన్నీ జతకలిపేది అదే.

“అల జర ఆలస్యంగ వస్తుందంటివి గదా. సింక్ తీసేసి, సెకనుకు ఫ్రేములు నూట నలభై దాక పెంచిన. ఎక్కువుంటే మంచిదే గదా!”

పెళ్లివాళ్లకు గొప్పగా చెప్పీ చెప్పీ ఆ అంకెను తానే నమ్మేశాడు పాపం. మధులిక నవ్వు ఆపుకుని, తన పక్కన ఇంకో కుర్చీ వేసింది.

“నేను చెప్త, మీరే చెయ్యండి. తెర సెకనుకు అరవై బొమ్మలే తీసుకుంటది. అది ఒకటి సగం గీసేలోపు మనం ఇంకోటి పంపుతున్నం. గందుకే చీలుతుంది. లాప్‌టాప్‌ను గూడ అరవైకి తెండి, సింక్ పెట్టండి, ఫ్రేములు అక్కడ్నే ఆపండి. వరుసల ఒక్క బొమ్మనే ఉంచుమని గ్రాఫిక్స్ కార్డుకు చెప్తే ఆలస్యం గూడ తగ్గుతది.”

అల అతుక్కుంది. “అమ్మా, ఇప్పుడు నా చెయ్యి పట్టుకొనే వస్తుంది!” అని వేదికమీదనుంచి ప్రజ్ఞ అరిచింది.

“ఇగ మీరు ఈడ కూసోండి. నేను ముందట కూసుంట.”

“నేనా? నడుమ ఏమన్నైతే?”

“గిప్పుడు చేసిందే మల్ల చెయ్యండి.”

సాయంత్రం ముందువరుసలో అత్తగారు జానకీబాయి, తన చేసంచి పెట్టి ఆపిన కుర్చీని ఖాళీచేసింది. “మీ మామకు సన్మానం మనింట్లనే చేసిన్రు. వంటింట్లనే ఉండి చప్పట్లు ఇన్న నేను. నువ్వు కూసో బిడ్డా.”

రెండో అంశంలో గోదావరి మళ్లీ చీలింది. మధులిక ఒళ్లో ఉన్న వేళ్లు మీటలు నొక్కుతున్నట్టు కదిలాయి. విద్యాధర్ తెర అంచునుంచి తల బయటపెట్టి, రమ్మన్నట్టు చూశాడు. ఆమె సగం లేచి చుట్టూ చూసింది. ఒక్కరి కళ్లూ తెరమీద లేవు. అందరూ ప్రజ్ఞనే చూస్తున్నారు. చీలికను చూసింది తానొక్కతే.

‘మీరే’ అని భర్తకు సైగచేసి కూర్చుంది. అల అతుక్కుందో లేదో ఆమె చూడలేదు. ప్రతి జతికి ముందూ తన కూతురు కిందిపెదవిని చిన్నగా కొరుక్కుంటుందని ఆ సాయంత్రమే మొదటిసారి కనిపెట్టింది.