మూడో ఇరుసు

కాటా మీద బండి నిలబెట్టి అల్లుడు కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాడు. కాగితం చేతిలో పడింది. చదవకుండానే అద్దం కింద పడేశాడు.

"మొత్తం బరువు హద్దు లోపలే ఉందన్నా, వెళ్ళిపో," అంది కాటా గదిలోని అమ్మాయి.

పక్క సీట్లోంచి మామయ్య మెడ సాచాడు. "ఇరుసు ఇరుసుకీ విడిగా తూచవా తల్లీ?"

"ఆ కాటా రిపేర్లో ఉంది తాతా. మొత్తం చాలదా?"

"నన్ను తూచినా మొత్తం బాగానే వస్తుందమ్మా. ఏ మోకాలు పనిచేస్తుందో, ఏది ఊరికే వేలాడుతోందో కాటాకేం తెలుసు?"

అమ్మాయి పకపకా నవ్వింది. అల్లుడు గేరు వేశాడు.

భార్య పోయాక అతను ఏడవలేదు. నాలుగు రోజులు గడవకముందే డ్యూటీ ఎక్కాడు. తిండి పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. యార్డులో వాళ్ళు మొదట గుండె రాయి చేసుకున్నాడన్నారు. ఆ తర్వాత పలకరించడమే మానేశారు. అతనికి ఆ తేడా కూడా తెలియలేదు.

మామయ్య ఆమె తండ్రి. జీవితమంతా ట్రైలర్లు తోలి, చూపు మందగించాక లైసెన్సు పోగొట్టుకున్న మనిషి. ఈ పొద్దున సరుకు ఎక్కుతుంటే యార్డుకొచ్చి, బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, సంచీతో సహా క్యాబిన్లోకి ఎక్కి కూర్చున్నాడు. "కొండ దిగాక మా చెల్లెలి ఊరొస్తుంది. చూసి చాలా కాలమైంది," అన్నాడు. ఆ చెల్లెలి గురించి ఆయన ఒక్క మంచి మాట అనగా ఎవరూ వినలేదు. అల్లుడు ఎందుకని అడగలేదు.

వెనకున్నది పక్కగోడల్లేని బల్ల ట్రైలరు. దానిమీద గొలుసులతో బిగించిన ఉక్కు చుట్టలు. కింద మూడు ఇరుసులు. ముందు రెండూ బండితో పుట్టినవి. మూడోది తర్వాత తగిలించింది, గాలి సంచులతో ఎత్తి దించే రకం. ఖాళీగా వచ్చేటప్పుడు ఎత్తేస్తే దాని టైర్లు అరగవు. సరుకు ఎక్కాక దించితే అదీ భుజం పడుతుంది. రెండిరుసులు మోయగలిగింది ఇరవై ఒక్క టన్నులు, మూడూ కలిస్తే ఇరవై ఏడు. ఈ రోజు వెనక పడ్డ బరువు ఇరవై ఆరు.

కొండదారి మొదట్లో బరువు బండ్లన్నీ ఆగి, బ్రేకులు చూసుకునే ఖాళీ స్థలం ఉంది. అల్లుడు ఆపి, ఇనప కడ్డీ పట్టుకుని దిగాడు. ఒక్కో టైరూ తడుతూ వెనక్కి నడిచాడు. ముందు రెండిరుసుల టైర్లూ పొట్టలు వేసుకుని నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. మూడో ఇరుసు టైర్లు గుండ్రంగా, కొత్త పెళ్ళికొడుకుల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. నేలను తాకుతున్నాయి. అంతే.

వంగి చూశాడు. అక్కడ రెండు కుళాయిలుంటాయి. ఒకటి ఇరుసును పైకెత్తేది, రెండోది సంచుల్లోకి గాలి పంపి కిందికి నొక్కేది. దించేటప్పుడు మొదటిది మూసి రెండోది తెరవాలి. మొదటిది మూసి ఉంది. రెండోదీ మూసే ఉంది.

పొద్దున దించింది తనే. బండి తోలడం నేర్చిన నాటినుంచి ఏనాడూ సగంలో వదలని పని. మర్చిపోయాడా? తనని తాను అడిగి చూసుకున్నాడు.

ఇలాగే దిగితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. బరువంతా రెండిరుసుల మీదే పడుతుంది. మలుపు మలుపుకీ బ్రేకులు కాలతాయి. లోయ పక్కన ఎక్కడో అవి పట్టు వదిలేస్తాయి. ఎవరి ప్రమాదం గురించో ఎవరో చెబుతుంటే విన్నట్టుంది. ఒళ్ళు జలదరించలేదు. కుళాయి వైపు చెయ్యి కూడా వెళ్ళలేదు.

క్యాబిన్ దగ్గరకొచ్చి తలుపు తీశాడు. "మామయ్యా, మీరిక్కడ దిగండి. వెనకాల బస్సొస్తుంది."

"బండికేమైంది?"

"ఏం కాలేదు."

"నీకేమైంది?"

"ఏం కాలేదు."

"ఇద్దరికీ ఏమీ కానప్పుడు నేనెందుకు దిగడం? అసలే మోకాళ్ళు. ఎక్కిందే పెద్ద గొప్ప." సంచీ తీసి కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. బెల్టు బిగించుకున్నాడు. "పోనీ."

అల్లుడు ఇనప కడ్డీ సీటు వెనక పడేశాడు. తర్వాత ఎక్కాడు. బండి కదిలింది. దిగువ దారి బోర్డు దాటి ముక్కు కిందికి వంచింది. వెనక నుంచి ఉక్కు మెల్లగా తొయ్యడం మొదలుపెట్టింది.

అప్పుడు పక్కకి చూశాడు. మామయ్య రోడ్డు చూడటం లేదు. అన్నేళ్ళు స్టీరింగు పట్టినవాడు, పక్క సీట్లో కూర్చున్నా కాలితో ఉత్తుత్తి బ్రేకులు నొక్కే మనిషి, దిగుడులో రోడ్డు వదిలేసి తననే చూస్తున్నాడు.

అల్లుడి కాలు బ్రేకు మీద పడింది. వెనక టైర్లు కీచుమన్నాయి. బండి వణికి, మొదటి మలుపుకి ఇవతలే ఆగింది. కాలిన రబ్బరు వాసన లోపలికొచ్చింది.

"మీకు తెలుసా?"

"పొద్దునే చూశా. కళ్ళు మసకే గానీ, టైరు పొట్ట వేసిందో లేదో ఆ మాత్రం ఆనుతుంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే కుళాయి తిప్పేవాడివి, ఈ పూటకి. రేపటి సంగతేంటి? మర్చిపోయావో, తెలిసే వదిలేశావో చూద్దామని ఎక్కాను."

"దిగమన్నాను కదా. దిగాల్సింది."

మామయ్య సంచీ తాడు వేలికి చుట్టుకున్నాడు. "అమ్మాయిని కాటికి సాగనంపి ఇంటికొచ్చి ఒక్కణ్ణే కూర్చున్నాను అల్లుడూ. మళ్ళీ అలా కూర్చోవడం నా వల్ల కాదు. దానికన్నా ఈ సీటే నయమనిపించింది."

"మీ చెల్లెలు..."

"అదా? నన్ను చూస్తే తలుపేసుకుంటుంది. దాని దగ్గరికి ఎవడెళ్తాడు!"

అల్లుడు దిగాడు. మామయ్య కూడా మూలుగుతూ దిగి, చక్రాల కిందికి చెక్కదిమ్మలు తన్నాడు. రెండో కుళాయి తిరిగింది. గాలి బుసకొడుతూ సంచుల్లోకి ఎక్కింది. బల్ల వెనక కొస కొద్దిగా లేచింది. మూడో ఇరుసు టైర్లు మెల్లగా నేలకు అణిగాయి. అల్లుడు గాలి సంచీ మీద అరచెయ్యి వేసి, అది గట్టిపడేదాకా అక్కడే ఉన్నాడు.

దిమ్మలు తీసి ఇద్దరూ ఎక్కాక మామయ్య అడిగాడు. "ఏది మూశావు, ఏది తెరిచావు?"

"ఎత్తేది మూశాను. నొక్కేది తెరిచాను."

"ఇంకోసారి చెప్పు."

"ఎత్తేది మూశాను. నొక్కేది..." చివరి మాట దగ్గర స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. దగ్గి, మళ్ళీ మొదలుపెట్టి, పూర్తిచేశాడు.

"బ్రేకు మీద కాదు, గేరు మీద దింపు," అన్నాడు మామయ్య. సీట్లో సర్దుకుని, ఈసారి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన కాలు అప్పుడే ఉత్తుత్తి బ్రేకు వెతుక్కుంటోంది.