కాజాలత్తయ్య ఎడమ కన్ను

రోజూ పొద్దున్న పది కాగానే వీధి వీధంతా దర్జీ దుకాణం ముందు చేరేది. కాజాలత్తయ్య సూది పక్కన పెట్టి, కుడి కన్ను చేత్తో మూసుకుని, ఎడమ కంటికి అంగారకుడి మీద ఏం కనిపిస్తోందో చెప్పేది. ఆ కంట్లో శుక్లం ముదిరేకొద్దీ ఈ వీధి మసకబారి, అక్కడ తిరిగే రోవర్ బండి చూసేదంతా కనిపించసాగింది. టీవీలో బొమ్మ రావాలంటే ఓ పూట పడుతుంది. అత్తయ్య దగ్గర అప్పటికప్పుడే. అందుకని అందరూ ఇక్కడికే వచ్చేవారు.

"ఇవాళ కూడా రాళ్లేనా అత్తయ్యా?" అనేవాడు పోస్ట్‌మాస్టరు.

"రాళ్లేనయ్యా. కాకపోతే నిన్నటి రాళ్లు కావు."

అంతే, వీధి పొంగిపోయేది. 'మన బండి' అనేవారు దాన్ని, సొంత మేనల్లుడు పైచదువులకు వెళ్లినంత గొప్పగా. బేకరీ ఆయనైతే అది దాటిన ప్రతి గుంటనీ గోడ మీద సుద్దతో గీసి పెట్టుకున్నాడు.

తమ్ముడి దుకాణంలో ముప్పై ఏళ్లుగా తల వంచుకుని చొక్కాలకు కాజాలు కుట్టిన మనిషి ఆవిడ. ఇన్నేళ్లలో నువ్వేం చూశావని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు ఇంతమంది నోళ్లు తెరుచుకుని వింటుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చేది.

కళ్ల డాక్టరమ్మ మాత్రం ఖచ్చితంగా చెప్పింది. "నెలాఖరులోపు ఆపరేషన్ చేయించుకోకపోతే ఆ కన్ను ఇక దక్కదు. చేయించుకుంటే మళ్లీ సూదిలోకి దారం మీరే ఎక్కించుకుంటారు."

ఈ మాట విని వీధి మొహం చిన్నబోయింది. బండి ఎదురుగా ఉన్న గుట్ట ఎక్కేదాకా ఆగితే బాగుండునని ఒకరు, ఆ తర్వాత లోయ ఉందట అని ఇంకొకరు.

"తొందరేముందక్కా?" అన్నాడు తమ్ముడు. "కుడి కన్ను ఉందిగా. నీ కాజాలు ఇప్పటికీ ముత్యాల్లా వస్తున్నాయి."

పనికి లోటు లేదంటున్నాడు కదా అని ఆవిడ కూడా రేపు, మాపు అంటూ నెట్టుకొచ్చింది.

నెలాఖరుకి నాలుగు రోజులుందనగా రోవర్ వంగి తన చక్రాల వైపు చూసుకుంది.

"చక్రం చిరిగిందర్రా! నా అరచెయ్యి పట్టేంత చిల్లు."

అందరూ అయ్యో అన్నారు. బడి పంతులమ్మ ధైర్యం చెప్పింది. "కంగారు పడకండి. దాని మీద బరువు పడకుండా బండిని వెనక్కి నడిపిస్తారు. ఏది చెడిందో తెలిస్తే ఉపాయం అదే దొరుకుతుంది."

పోస్ట్‌మాస్టరు దిగులుగా అత్తయ్య పక్కనే చతికిలబడ్డాడు. అతని చొక్కా మీద దారం పోగు వేలాడుతూ ఆవిడ చేతికి తగిలింది. అలవాటు కొద్దీ తెంపబోతే బొటనవేలికి కాజా దొరికింది. కుట్టు తనదే. కానీ మగవాళ్ల చొక్కాకి కాజాలు ఎడమ వైపుండాలి. ఇవి కుడి వైపున్నాయి. ఎడమ పక్క ఆనక, తెలియకుండానే పక్క మార్చేసిందన్నమాట.

ఆవిడ బేకరీ ఆయన్ని దగ్గరికి లాగింది. అతనిదీ అంతే. తమ్ముడి చొక్కా తడిమింది.

"ఎన్నాళ్లుగా రా?"

తమ్ముడు ఆవిడ చేతిలోంచి చొక్కా అంచు విడిపించుకున్నాడు. "మూడు నెలలక్కా. కోసిన కాజా పూడ్చలేం కదా. అందుకని ఎవరూ ఏమీ అనకుండా తొడుక్కుంటున్నారు. చెప్తే నువ్వు ఆపరేషన్‌కి వెళ్లిపోతావని..."

అత్తయ్యకి కోపం ముంచుకొచ్చింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది.

"ఎక్కడో ఉన్న బండి చక్రం చిరిగితే అయ్యో అన్నారు. ఉపాయం కూడా చెప్పారు. ఎదురుగా ఉన్న నా పని చెడితే మాత్రం దాచిపెట్టారా? మీకు నా కన్నే గానీ నేను అక్కర్లేదన్నమాట!"

మర్నాడే ఆవిడ ఆస్పత్రికి వెళ్లింది. డాక్టరమ్మ కూడా తక్కువదేం కాదు. చేతికి గ్లౌజులు తొడుక్కుంటూ, "ఇంకో రెండ్రోజులైతే గుట్ట ఎక్కేస్తుందట కదండీ," అంది.

"ఎక్కనివ్వండమ్మా. దాన్ని నడిపేవాళ్లు దానికున్నారు. మీరు కానివ్వండి," అంది అత్తయ్య.

కట్టు విప్పాక ఎడమ కంట్లో ఎర్ర నేల లేదు. గోడ గడియారం, కిటికీ ఊచ, మంచం పక్కన తమ్ముడి నెరిసిన గడ్డం ఉన్నాయి. ఆ రాళ్లు గుర్తొచ్చి కాస్త బెంగపడింది కూడా.

డాక్టరమ్మ సరేనన్నాకే దుకాణంలో కూర్చుంది. పది గంటలకి ఎవరూ రాలేదు, అందరూ టీవీల ముందున్నారు. తనే సూదిలోకి దారం ఎక్కించి, కొత్త చొక్కాకి ఎడమ వైపు మొదటి కాజా కుట్టి తమ్ముడి ముందు పెట్టింది.

అతను వెలుతురులోకి తిప్పి చూశాడు. మళ్లీ చూశాడు.

"అక్కా... కింద ఒక్క పోగు పక్కకి పోయింది."

అత్తయ్యకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కొత్త కంటికి తడి తగలకూడదన్న మాట గుర్తొచ్చి కొంగుతో అద్దుకుని, స్టూలు అతని దగ్గరికి జరుపుకుంది.

"ఏదీ, ఎక్కడ? చూపించు."